నాన్న ఒకవైపు, బావ ఒకవైపు, మధ్యలో జపాన్

మూడేళ్ళ నుంచీ టోక్యోలో ఉంటున్నాను. నిషి-కసాయ్ అని, మనవాళ్ళు గుంపుగా ఉండే పేట. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో దొరుకుతాయి, లిఫ్టులో తెలుగు వినపడుతుంది, కాబట్టి దేశం కాని దేశంలో ఉన్నానన్న బెంగ పెద్దగా లేదు. అసలు కష్టమంతా ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడే. వాళ్ళకి జపాన్ చూపించాలి. ఇప్పటికి అయిదారు బ్యాచ్‌లని తిప్పాను. తిప్పీ తిప్పీ నాకు అర్థమైందేంటంటే, మనవాళ్ళు జపాన్‌ని చూసి అనే మాటలు మొత్తం కలిపి రెండే.

మొదటిది మా బావ మాట: "మనవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారో!"

రెండోది మా నాన్న మాట: "ఇదంతా మన దగ్గర్నుంచి పోయిందేరా."

ఒకటి మనల్ని మనం తిట్టుకోవడం, ఇంకోటి మనల్ని మనం పొగుడుకోవడం. ఎటు తిరిగినా కబుర్లు మన గురించే. టికెట్లకి అంత డబ్బు పోసి, మెడ పట్టేసేలా రాత్రంతా విమానంలో కూర్చుని, ఇక్కడిదాకా వచ్చి చూసుకునేది మన మొహమే అయితే ఇంట్లో అద్దం ఏం పాపం చేసింది? ఈ మధ్య నాకు ఈ విషయంలో నిజంగానే చిరాకేస్తోంది, అందుకే ఇది రాస్తున్నా. (చిరాకు పడే హక్కు నాకు పెద్దగా లేదనుకోండి. వచ్చిన మొదటి ఆర్నెల్లు నేనూ ఇవే రెండు మాటల్ని మార్చి మార్చి ఫ్యామిలీ గ్రూపులో పెట్టినవాణ్ణే.)

ముందు బావ సంగతి. అక్కనీ పిల్లల్నీ తీసుకుని ఏప్రిల్‌లో వచ్చాడు. తొమ్మిది రోజులు. టోక్యో, ఫూజీ, క్యోటో, ఒసాకా, అంటే అందరూ వెళ్ళే దారే. 2024లో జపాన్‌కి వచ్చిన విదేశీ టూరిస్టులు 3.6 కోట్ల పైచిలుకు, వాళ్ళలో ఎక్కువమంది తిరిగేది ఈ నాలుగు చోట్లే. ఫూజీ కొండ దగ్గర ఓ ఊళ్ళో ఒక చిన్న కొట్టు వెనకాల కొండ బాగా కనపడుతుందని జనం రోడ్డుకి అడ్డంగా నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, విసిగిపోయిన ఊరివాళ్ళు 2024 మేలో కొండే కనపడకుండా నల్ల తెర కట్టేశారు. క్యోటోలో గియోన్ వీధిలో అక్కడివాళ్ళ సొంత సందుల్లోకి టూరిస్టులు రావద్దని, వస్తే 10,000 యెన్లు కట్టాలని బోర్డులు పెట్టారు. బావ ఆ బోర్డుని కూడా ఫోటో తీసి, "చూడు, ఎంత క్రమశిక్షణో" అన్నాడు. ఆ బోర్డు మన కోసం పెట్టింది బావా అని నేను చెప్పలేదు, అక్క పక్కనే ఉంది మరి.

ఆ తొమ్మిది రోజుల్లో బావ ఫోన్లోకెక్కినవి: మురిక్కాలవలో నీళ్ళు, స్టేషన్ టాయిలెట్, క్యూ, రోడ్డు మీద లేని కాగితం ముక్క. ప్రతి ఫోటో కిందా అదే మాట, మనవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారో. క్రమశిక్షణ అనేది వీళ్ళ రక్తంలోనే ఉందని బావ నమ్మకం. రక్తంలో ఉంటే 1964 ఒలింపిక్స్ ముందు టోక్యో వీధుల్లో చెత్త వెయ్యకండి బాబూ అని ప్రభుత్వం పనిగట్టుకుని ప్రచారం ఎందుకు చేసిందట? జనానికి చెప్పారు, చీపుర్లు పట్టించారు, బళ్ళో పిల్లల చేత రోజూ గదులు ఊడిపిస్తున్నారు. దాని వెనక ఏళ్ళ తరబడి పని ఉంది, డబ్బుంది, పక్కవాడు ఏమనుకుంటాడో అన్న భయం కూడా బోలెడుంది. ఆ భయం కింద బతకడం ఎట్లా ఉంటుందో మా ఆఫీసులో రాత్రి తొమ్మిదింటికి ఎవరూ ముందు లేవలేక కూర్చున్నప్పుడు నాకు తెలుస్తూ ఉంటుంది. బావకి ఆ గది చూపించే టూర్ ప్యాకేజీ లేదు.

నాన్న అక్టోబరు ఆఖర్లో వచ్చాడు. తెనాలి నుంచి. అమ్మ పోయాక మొదటి ప్రయాణం. నీచు ముట్టడు, సాయంత్రం ఆరింటికల్లా భోజనం అయిపోవాలి, రోజూ నడుస్తాడు. ఈయన్ని క్యోటోకి తీసుకెళ్ళి ఆ జనంలో తొక్కించడం నాకిష్టం లేక షికోకు వెళ్దామన్నాను.

జపాన్‌లో నాలుగు పెద్ద దీవులుంటే షింకాన్‌సెన్ లేనిది షికోకు ఒక్కటే. ఒకయమ దాకా బుల్లెట్ రైల్లో వెళ్ళి, అక్కడ మారి, సముద్రం మీద కట్టిన పొడవాటి వంతెన దాటాలి. వంతెన లేని రోజుల్లో, 1955లో, ఇక్కడ ఒక ఫెర్రీ మునిగి 168 మంది చనిపోయారు, అందులో బళ్ళోంచి విహారయాత్రకి వెళ్తున్న పిల్లలే ఎక్కువ. వంతెన కావాలన్న పట్టుదల అప్పట్నుంచి గట్టిపడింది, పూర్తయ్యేసరికి 1988. రైలు ఆ వంతెన మీద వెళ్తున్నంతసేపూ నాన్న కిటికీకి నుదురు ఆనించి కింద ఓడల్ని లెక్కపెట్టాడు, ఏది ఎవరిదో ఒక్క మాటా అనలేదు. ఇదేదో బాగానే సాగేట్టుందే అనుకున్నా.

ఒక్క పూట సాగింది.

షికోకులో 88 గుళ్ళ యాత్ర ఉంది. దీవి చుట్టూ దాదాపు 1,200 కిలోమీటర్లు, నడిస్తే నెలన్నర పడుతుంది. తొమ్మిదో శతాబ్దపు బౌద్ధ గురువు కూకై పేరు మీద ఈ యాత్ర. ఆయన 774లో ఈ దీవిలోనే పుట్టాడు, 804లో చైనా వెళ్ళి తాంత్రిక బౌద్ధం నేర్చుకున్నాడు, అక్కడే ప్రజ్ఞ అనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం కూడా చదివాడు, తిరిగొచ్చి షింగోన్ శాఖ పెట్టాడు. జనం ఆయన్ని కోబో దైషి అంటారు, చిన్నగా, ప్రేమగా "ఒదైషి-సాన్". యాత్రికుణ్ణి "ఒహెన్రో-సాన్" అంటారు. తెల్ల అంగీ, ఈనెల టోపీ, చేతిలో నాలుగు పలకల కర్ర. ఆ కర్రే దైషి అని లెక్క, అందుకని రాత్రి బసకి చేరగానే మన కాళ్ళకంటే ముందు కర్ర అడుగు కడగాలి. వంతెన మీద మాత్రం కర్ర టకటకలాడించకూడదు. ఒకప్పుడు ఆయనకి ఊళ్ళో ఎవరూ చోటివ్వక ఒక వంతెన కింద పడుకున్నాడట, ఏ వంతెన కిందైనా ఇంకా నిద్రపోతూ ఉంటాడేమోనని.

మొదటి గుడి పేరు ర్యోజెన్‌జి. బందో అనే చిన్న స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వస్తుంది. ఆ పేరు మన గృధ్రకూటానిది, బుద్ధుడు బోధించిన రాజగిరి కొండది. అంతటితో ఆగితే బావుండేది, కానీ ప్రతి గుడికీ ఉండే కొండపేరు ఈ గుడికి ఏంటంటే "జికువ-సాన్". జికు అంటే భారతదేశం, వ అంటే జపాన్. నేనే నోరు జారి అది నాన్నకి చెప్పాను. ఇంకేముంది!

దానికి తోడు షింగోన్ వాళ్ళ గురుపరంపరలో నాగార్జునుడు ఉన్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆయన గుప్త సూత్రాలని అందుకున్నాడని వాళ్ళ కథ. ఆ ఇనుప స్తూపం అమరావతి స్తూపమే అయ్యుంటుందని ఊహించిన పండితులూ ఉన్నారు. తెనాలి మనిషికి ఈ మాట చెప్పాక ఏమవుతుందో మీరే ఊహించుకోండి. రెండో గుడి దాకా నాగార్జునకొండ, డ్యామ్ కట్టేముందు జరిగిన తవ్వకాలు, వాళ్ళ బళ్ళోవాళ్ళు విహారయాత్రకి వెళ్ళిన లాంచీ, అన్నీ వచ్చాయి. దారికి రెండు పక్కలా కోతకొచ్చిన పొలాలు, ఇళ్ళ ముందు ఎర్రగా వేలాడుతున్న కకి (పెర్సిమన్) పళ్ళు, మనం సీతాఫలం చెట్టు కింద నిలబడి కాయల్ని చూసినట్టు వాటిని చూడాల్సిన మనిషి నాగార్జునసాగర్ గేట్ల గురించి మాట్లాడుతున్నాడు.

నాన్నని తప్పు పట్టడం కాదు, ఆయన చెప్పినవన్నీ నిజాలే. గుళ్ళో మంత్రం చదువుతుంటే ఆఖర్న "గ్యాతె గ్యాతె హరగ్యాతె హరసోగ్యాతె బోజి సొవాక" అని వినపడింది. "సొవాక అంటే స్వాహా కదరా!" అన్నాడు. అవును, గతే గతే పారగతే పారసంగతే బోధి స్వాహా. వాళ్ళ గోమ అంటే మన హోమం. బెన్‌జైతెన్ మన సరస్వతి, తైషకుతెన్ మన ఇంద్రుడు. ఇవన్నీ వాట్సాప్‌లో రోజూ తిరిగేవే.

నా పేచీ ఆ తర్వాత మాటతో. మన దగ్గర్నుంచి పోయింది సరే, పోయి ఏమైంది? టోపీ మీద రాసిన అక్షరం చూపించి ఇదేం లిపి నాన్నా అని అడిగాను. కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. దేవనాగరిలా ఉంది కానీ కాదన్నాడు. అది సిద్ధం లిపి. మన దేశంలో ఎప్పుడో వాడుకలోంచి పోయింది, ఇక్కడి భిక్షువులు ఇప్పటికీ కుంచెతో రాస్తున్నారు, శ్మశానాల్లో సమాధుల వెనక నిలబెట్టే చెక్క పలకల మీద కూడా అదే. మనం చదవలేని అక్షరాన్ని ఇది మాదే అనడానికి నాకు కొంచెం మొహమాటంగా ఉంటుంది. ఆ అక్షరాన్ని పన్నెండు వందల ఏళ్ళ పాటు దిద్దినవాళ్ళని, తెచ్చి ఇచ్చిన కొరియర్ వాళ్ళలాగా చూడ్డం అన్యాయం కదా.

సరస్వతినే తీసుకోండి. టోక్యో దగ్గర కమకురలో ఒక బెన్‌తెన్ గుడి ఉంది, గుహలో ఊట నీళ్ళు. జనం బుట్టల్లో నాణేలు, నోట్లు వేసి ఆ నీళ్ళలో కడుగుతారు, కడిగిన డబ్బు రెట్టింపై వస్తుందని. మన ఇళ్ళల్లో లక్ష్మికీ సరస్వతికీ పడదంటారు, ఇక్కడ చూస్తే సరస్వతమ్మే క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చుంది. ఇది మనదేనా? నేనైతే కాదంటాను, మనదానికంటే ఇదే నాకు సరదాగా ఉంది.

మూడో గుడి దాటాక జరిగింది మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఊరి చివర ఒకావిడ, ఎనభై దాటి ఉంటాయి, నడుం బాగా వంగిపోయింది, కూరగాయల మడిలోంచి మమ్మల్ని చూసి "ఒహెన్రో-సాన్!" అని పిలిచింది. ఆగమని చెయ్యి చూపించి లోపలికెళ్ళింది. ఆవిడ నడక వేగానికి మేము ఎండలో అయిదు నిమిషాలు నిలబడ్డాం. వస్తూ ప్లాస్టిక్ సంచిలో నాలుగు చిన్న కమలాలు, రెండు తీపి బిళ్ళలు, కాగితంలో మడిచిన ఒక నూరు యెన్ల నాణెం తెచ్చింది. నాన్న ఠక్కున చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. "వద్దండీ, ఎందుకండీ, ఫర్వాలేదండీ" అని తెలుగులోనే. ఆవిడ మళ్ళీ చాచింది. నాన్న మళ్ళీ వద్దన్నాడు. మనకి మొదటిసారి పెట్టగానే తీసేసుకుంటే మర్యాద కాదు కదా. ఆవిడ మొహం చిన్నబోయింది. అది చూసి నాన్న కంగారుపడి, ఈసారి పర్సు తీసి వెయ్యి యెన్ల నోటు ఇవ్వబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

దీన్ని ఒసెత్తై అంటారు. దారిన పోయే హెన్రోకి ఇస్తే దైషికి ఇచ్చినట్టే, నడవలేనివాళ్ళు ఇలా ఇచ్చి యాత్రలో తమ పాలు తాము తీసుకుంటారు. అందుకని వద్దనకూడదు. మనం వద్దంటే ఆవిడ నడక ఆపేసినట్టే. తిరిగి డబ్బివ్వకూడదు, మన పేరు రాసిన చిన్న కాగితం చీటీ ఒకటి ఇవ్వాలి, అంతే. చీటీ రంగుని బట్టి ఎన్నిసార్లు తిరిగారో తెలుస్తుంది, మొదటిసారి వాళ్ళది తెలుపు, వందసార్లు దాటినవాళ్ళది జరీ గుడ్డ. నాన్న తెల్ల చీటీ మీద తెలుగులో పేరు రాసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ ఆ అక్షరాల్ని వేలితో తడిమి, గుండ్రంగా ఉన్నాయని నవ్వింది.

కమలాలు తింటూ నడుస్తున్నప్పుడు నాన్న ఈసారీ ఏదో అంటాడని చూశాను. శ్రీశైలం పాదయాత్రకి వెళ్ళేవాళ్ళకి నల్లమల దారిలో మజ్జిగ పోస్తారు, ఆయన కుర్రతనంలో ఒకసారి వెళ్ళాడు, ఆ కథ నాకు కంఠతా వచ్చు. ఆ పోలిక ఆయన తెస్తే నేను ఒప్పుకునేవాణ్ణి కూడా. తేలేదు. "ఆవిడ ఒక్కతే ఉంటుందా ఆ ఇంట్లో?" అని అడిగాడు. తెలీదన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఆ ప్రశ్నే. ఆవిడ ఒక్కతే ఉంటుందా? ఇలాంటిది అడగాలంటే ముందు మనం ఎవరిమో, మనదేంటో కాసేపు పక్కన పెట్టాలి.

తిండి సంగతి చెప్పకపోతే మీరు నమ్మరు. కగవ ప్రాంతం ఉదోన్‌కి, అంటే లావుపాటి గోధుమ నూడుల్స్‌కి, పెట్టింది పేరు, తమది "ఉదోన్ జిల్లా" అని వాళ్ళే చెప్పుకుంటారు. కానీ ఆ పులుసు ఎండు చేపలతో కాస్తారు. నాన్న ఉత్త ఉదోన్ తెప్పించుకుని, బ్యాగులోంచి కందిపొడి తీసి, నెయ్యి లేదని విసుక్కుంటూ తిన్నాడు. పక్కన కూర్చున్న లారీ డ్రైవరు ఆ పొడి కొంచెం అడిగి వేసుకుని, చెవులు ఎర్రబడ్డా బావుందనే చెప్పాడు. ఇక వేడినీళ్ళ స్నానశాల: అందరి ముందూ ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలని తెలిసి, నాన్న రిసెప్షన్‌లో కూర్చుని పేపర్ చూశాడు. జపనీస్ పేపర్. ముప్పావుగంట.

పదకొండో గుడి నుంచి పన్నెండోది షోసన్‌జికి కొండదారి, 12.9 కిలోమీటర్లు, ఆ ఎక్కుడికి "హెన్రో దొర్లిపడే చోటు" అనే పేరుంది. నాన్న మోకాలు ఒప్పుకోలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. గుడిగుడికీ ముద్రలు వేయించుకునే పుస్తకం ఒకటుంటుంది, 500 యెన్లు కడితే మూడు ఎర్ర ముద్రలు గుద్ది వాటి మీద కుంచెతో రాసిస్తారు, మా ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం. పుస్తకం నాకివ్వు, వేయించుకొస్తాను అన్నాను. ఇవ్వలేదు. "నేను ఎక్కని కొండకి నాకు ముద్రెందుకు?" అన్నాడు. పదమూడు నుంచి పదిహేడు దాకా గుళ్ళు దగ్గర దగ్గరగా చదునులోనే ఉంటాయి, అవి ఇద్దరం నడిచాం. పన్నెండో పేజీ ఖాళీగా ఉండిపోయింది.

అక్కణ్ణుంచి కొండల్లోకి, ఇయ లోయకి. ఒకటే పెట్టె ఉన్న రైలు, డ్రైవరే కండక్టరు. వెనక తలుపు దగ్గర చిన్న మెషిన్‌లోంచి నంబరు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు ముందు బోర్డు మీద ఆ నంబరు కింద ఎంత చూపిస్తే అంత డబ్బాలో వెయ్యాలి. పెట్టెలో మాతో కలిపి అయిదుగురం. అయినా నిమిషం తేడా లేకుండా వచ్చింది, డ్రైవరు ప్రతి సిగ్నల్‌కీ వేలు చూపించి గట్టిగా చదువుకుంటున్నాడు. బావ ఉంటే వీడియో తీసేవాడు.

ఆ లోయ లోపల నగోరో అని ఊరుంది. మనుషులు ముప్ఫై మంది కూడా లేరు, మనుషులంత బొమ్మలు వందల్లో ఉన్నాయి. ఒసాకా నుంచి తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన ఒకావిడ, విత్తనాలు పిట్టలు తినేస్తున్నాయని దిష్టిబొమ్మ చేస్తే అది అచ్చం వాళ్ళ నాన్నలా వచ్చిందట. తర్వాత పోయినవాళ్ళకీ, ఊరొదిలి వెళ్ళినవాళ్ళకీ బొమ్మలు చేస్తూ పోయింది. బస్టాపులో బొమ్మలు, పొలం గట్టు మీద బొమ్మలు. బడి 2012లో మూతపడింది, ఇప్పుడు బెంచీల మీద పిల్లల బొమ్మలు, బోర్డు దగ్గర టీచరు బొమ్మ. దేశం మొత్తం మీద 2023 లెక్కల్లో ఖాళీ ఇళ్ళు 90 లక్షలు, అంటే ప్రతి ఏడిళ్ళలో దాదాపు ఒకటి. ఇక్కడ ఆ లెక్కకి మొహాలు కుట్టి కూర్చోబెట్టారు.

ఊరు అద్దంలా ఉంది. ఒక్క కాగితం ముక్క లేదు. నాన్న చుట్టూ చూసి, "చెత్త వెయ్యడానికి మనుషులేరిరా?" అన్నాడు. ఆ ఫోటో ఒకటి తీసి బావకి పంపాను. "సూపర్ క్లీన్" అని రిప్లై, కింద బొటనవేలు.

ఆఖర్న కోయసాన్. కూకై 816లో చక్రవర్తి అనుమతితో అందుకున్న కొండ. ఆయన చనిపోలేదు, ధ్యాన సమాధిలో కూర్చునున్నాడని నమ్మకం, రోజుకి రెండు పూటలా భోజనం మోసుకెళ్ళి పెడతారు. గుళ్ళోనే బస, తిండి మొత్తం శాకాహారం, నాన్నకి పండగ. నువ్వులతో చేసిన మెత్తటి ముక్కని "గోమ-దోఫు" అంటే, "దీంట్లో హోమం ఎక్కడుందిరా?" అన్నాడు. నువ్వుల్నీ గోమ అనే అంటారు మరి. పొద్దున్నే అసలు గోమ చూశాం, చెక్క పుల్లల మీద జనం పరీక్షల గురించీ బండ్ల గురించీ మొక్కులు రాసి నిప్పులో వేయిస్తున్నారు. శ్మశానంలో రెండు లక్షల దాకా సమాధులున్నాయి, దేవదారుల మధ్య నాచు పట్టి. అందులో ఒకటి చెదపురుగులది. చెదలకి మందు కొట్టేవాళ్ళ సంఘం, తాము చంపిన చెదల కోసం, హాయిగా నిద్రపొమ్మని రాయించి పెట్టింది. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టాడు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్న మాట రాలేదు. మన దగ్గర చెదలకి మందు కొట్టించడమే గానీ ఎవరం కట్టించాం?

మారిపోయాడని చెప్పడం లేదు. తెనాలి వెళ్ళగానే వాకింగ్ బ్యాచ్‌కి అమరావతి నుంచి జపాన్ ఎట్లా పోయిందో వారం రోజులు చెప్పాడని విన్నాను. బావ మళ్ళీ వచ్చే ఏడాది వస్తాడట, డిస్నీ మిగిలిపోయిందని. నేను నగోరో బస్సు టైమింగ్స్ పంపాను, రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేసి, కరెంటు బిల్లు, అక్క పిల్లల పరీక్షలు అన్నీ అయ్యాక, పెట్టేయబోతూ ఆగాడు.

"ఆ పన్నెండో పేజీ అట్లాగే ఉందిరా. రెండు రోజులు తీసుకుని మెల్లిగా ఎక్కితే, మధ్యలో పడుకోడానికి ఏమన్నా ఉంటుందా?"